మీ కోడ్ ఎడిటర్‌కి సొంత రంగుల థీమ్ టూల్ కట్టుకోవడం ఎలా?

రెడీమేడ్ థీమ్ పెట్టుకోవడం అందరికీ వచ్చు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒకటి రెండు రంగులు దిద్దుకోవడమూ కష్టం కాదు. కానీ రంగు జరుపుతుంటే కళ్ల ముందే కోడ్ మారుతూ, చివర్లో థీమ్ ఫైల్ చేతికిచ్చే టూల్ సొంతంగా కట్టుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ ప్రశ్న పదే పదే వస్తోంది. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఒక దఫా మొదలుపెట్టి వదిలేసి ఉంటారు. ఎడిటర్‌లో రంగు మార్చగల ప్రతి కీకీ (అంటే ఒక్కో భాగం రంగుని పట్టిచెప్పే సెట్టింగ్ పేరుకి) ఒక రంగు బటన్ పెడతారు. కీలు వందల్లో ఉంటాయి కాబట్టి పేజీ చాంతాడంత అవుతుంది. ఇక దాన్ని వాడే ఓపిక కట్టినవాళ్లకే ఉండదు.

అందుకని ఇక్కడ దారి మార్చి చెబుతున్నాను. మీ టూల్‌లో మనిషి ఎంచుకునే రంగులు పన్నెండే. మిగతావన్నీ టూల్ లెక్కగట్టి తీస్తుంది. ఆ లెక్క కన్నా ముఖ్యమైన పని ఇంకొకటుంది: ఎంచుకున్న రంగులో అక్షరం నిజంగా చదవడానికి వీలుగా ఉందో లేదో చెప్పడం. రంగులు మార్చే టూల్స్ బోలెడున్నాయి. తేడా వచ్చేది ఈ రెండో పనిలోనే.

ఉదాహరణకి వీఎస్ కోడ్ తీసుకున్నాను. వేరే ఎడిటర్ వాడేవాళ్లు మొదటి ఆరు అంచెలూ ఉన్నదున్నట్టు చేసుకుని, ఏడు, ఎనిమిది మాత్రం మార్చుకోవచ్చు.

కావలసినవి

- ఒక బ్రౌజర్, ఒక ఎడిటర్. సర్వర్, డేటాబేస్, ఫ్రేమ్‌వర్క్ ఏవీ అక్కర్లేదు.
- హెచ్‌టీఎమ్ఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ ప్రాథమికంగా వచ్చి ఉండాలి. సీఎస్ఎస్ వేరియబుల్స్ అంటే ఏంటో తెలిస్తే చాలు.
- ఓకేఎల్‌సీహెచ్ (రంగుని వెలుగు, గాఢత, వర్ణం అనే మూడు అంకెల్లో చెప్పే పద్ధతి) రంగుల లెక్క చేసిపెట్టే చిన్న లైబ్రరీ ఏదైనా ఒకటి. ఆ సూత్రాలు సొంతంగా రాసుకోవచ్చు గానీ, అందులో సమయం పోగొట్టుకోవద్దు.

కోడ్‌ని మాడ్యూల్స్‌గా విడగొడితే పేజీని డబుల్ క్లిక్ చేసి తెరిచినప్పుడు బ్రౌజర్ వాటిని లోడ్ కానివ్వదు. మామూలు స్క్రిప్ట్ ట్యాగ్‌తో సరిపెట్టుకోండి, లేదంటే ఆ ఫోల్డర్‌లో చిన్న లోకల్ సర్వర్ నడపండి.

ఇంకో మాట. కీల పేర్లు, స్కోప్‌ల పేర్లు (కోడ్‌లో ఒక్కో ముక్క కామెంటా, స్ట్రింగా అని చెప్పే గుర్తింపు పేర్లు) ఇక్కడ పలికినట్టు తెలుగులో రాశాను. మీ ఫైల్లో అవి ఇంగ్లిష్ అక్షరాల్లో, పెద్దక్షరం చిన్నక్షరం తేడాతో సహా అచ్చుగుద్దినట్టు ఉండాలి. సైడ్‌బార్ కీలో 'బార్' పెద్దక్షరంతో మొదలవుతుంది. అక్కడ చిన్నక్షరం పడితే ఎడిటర్ గొడవ చేయదు, ఆ లైన్‌ని పట్టించుకోకుండా ఊరుకుంటుంది. మీరేమో రంగు ఎందుకు మారలేదా అని వెతుక్కుంటూ కూర్చుంటారు.

అంచె 1: కీలు పక్కన పెట్టి, పాత్రలు రాసుకోండి

కాగితం మీద ఈ పన్నెండు రాసుకోండి: బ్యాక్‌గ్రౌండ్, మామూలు టెక్స్ట్, కామెంట్, సెలెక్షన్, యాక్సెంట్, ఎర్రర్, వార్నింగ్, కీవర్డ్, స్ట్రింగ్, నంబర్, ఫంక్షన్, టైప్. యాక్సెంట్ అంటే కర్సర్, బటన్లు, ఎంచుకున్న ట్యాబ్ కింద గీత లాంటి వాటికి వాడే, కొట్టొచ్చినట్టు కనిపించే ఒక్క రంగు.

వేరియబుల్స్‌కి విడిగా రంగు ఎందుకు పెట్టలేదని అడుగుతారు. కోడ్‌లో ఎక్కువగా కనిపించేవి అవే. వాటికీ రంగు పూస్తే స్క్రీన్ మీద మామూలు టెక్స్ట్ రంగంటూ ఏమీ మిగలదు, అప్పుడు ఏ రంగూ కంటికి ఆనదు. కావాలనుకున్నవాళ్లు పదమూడోది పెట్టుకోవచ్చు. ఇరవై దాటితే మాత్రం మళ్లీ మొదటికొచ్చినట్టే.

జావాస్క్రిప్ట్‌లో ఈ పన్నెండూ ఒకే ఆబ్జెక్ట్‌లో ఉండాలి. టూల్ మొత్తానికి మూలం అదొక్కటే. ప్రివ్యూ అయినా, చదవగలమో లేదో చూసే పరీక్ష అయినా, ఎగుమతి అయినా అక్కడి నుంచే చదవాలి. రంగు బటన్‌లో ఉన్న విలువని నేరుగా థీమ్ ఫైల్లోకి తోసే అడ్డదారి ఎక్కడా పెట్టుకోకండి. వెనక్కి వెళ్లే బటన్ రాసే రోజున దాని విలువ తెలుస్తుంది.

అంచె 2: మిగతా రంగుల్ని లెక్కతో తీయండి

సైడ్‌బార్, స్టేటస్ బార్, అంచు గీతలు, లైన్ నంబర్లు, ప్రస్తుత లైన్ వెనక పట్టీ: ఇవన్నీ బ్యాక్‌గ్రౌండ్‌నీ టెక్స్ట్‌నీ కాస్త అటూ ఇటూ జరిపితే వచ్చేవే. ఆ జరపడం ఏ పద్ధతిలో అన్నదే అసలు చిక్కు.

రంగుని వర్ణం, గాఢత, వెలుగు అంకెల్లో చెప్పే హెచ్‌ఎస్‌ఎల్ పద్ధతి అందరికీ అలవాటే కాబట్టి చేయి అటే పోతుంది. దానితో వచ్చే ఇబ్బంది చూడండి. పసుపు, నీలం రెండింటినీ అందులో 100 శాతం గాఢత, 50 శాతం వెలుగుతో పెట్టండి. లెక్క ప్రకారం రెండింటి వెలుగూ ఒకటే. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి కాంట్రాస్ట్ (రెండు రంగుల వెలుగుల నిష్పత్తి) కొలిస్తే పసుపుకి 19.56, నీలానికి 2.44 వస్తుంది. ఒకటి కళ్లలో గుచ్చుకుంటుంది, ఇంకొకటి కనిపించనే కనిపించదు. 2020లో వచ్చిన ఓకేల్యాబ్, దాని రూపాంతరమైన ఓకేఎల్‌సీహెచ్ కంటికి తోచే వెలుగుకి దగ్గరగా ఉంటాయి. రంగు ఏదైనా వెలుగు అంకె ఒకటైతే చూడ్డానికీ దాదాపు ఒకేలా ఉంటుంది. కాబట్టి జరిపే పనంతా అందులోనే చేసి, చివర్లో హెక్స్ అంకెలోకి (#202020 లాంటి రూపంలోకి) మార్చుకోండి.

మొదలుపెట్టడానికి ఈ కొలతలు పనికొస్తాయి. వెలుగు 0 నుంచి 1 వరకు అనుకుంటే:

- సైడ్‌బార్: బ్యాక్‌గ్రౌండ్ నుంచి 0.02 జరపండి.
- ప్రస్తుత లైన్ పట్టీ: 0.03.
- అంచు గీతలు: 0.08.
- లైన్ నంబర్లు: టెక్స్ట్, బ్యాక్‌గ్రౌండ్ సగం సగం కలిపిన రంగు.

బ్యాక్‌గ్రౌండ్ వెలుగు 0.5 కన్నా తక్కువైతే ముదురు థీమ్ కింద లెక్కేసి పైకి, లేకపోతే లేత థీమ్ కింద లెక్కేసి కిందికి జరపండి. సైడ్‌బార్ ఇంకా ముదురుగా ఉంటే బాగుంటుందని కొందరు ముదురు థీమ్‌లో కిందికి జరుపుతారు. అది బాగానే ఉంటుంది గానీ, బ్యాక్‌గ్రౌండ్ పూర్తి నలుపైతే ఇక కింద చోటే లేదు, సైడ్‌బార్ కలిసిపోతుంది. ఆ ఒక్క సందర్భానికీ షరతు రాసుకోండి.

గాఢత ఎక్కువున్న రంగు వెలుగు పెంచితే మామూలు స్క్రీన్ చూపగల హద్దు దాటిపోతుంది. అప్పుడు ఎరుపు, పచ్చ, నీలం విలువల్ని 255 దగ్గర కోసేస్తే రంగే మారిపోతుంది. కోయకుండా, హద్దులోకి వచ్చేదాకా గాఢతని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రండి. చాలా లైబ్రరీల్లో ఇందుకు ఫంక్షన్ రెడీగా ఉంటుంది.

అంచె 3: ప్రివ్యూ

ప్రతి పాత్రకీ ఒక సీఎస్ఎస్ వేరియబుల్ పెట్టండి. ప్రివ్యూలోని కోడ్‌ని చేత్తోనే స్పాన్ ట్యాగ్‌లలో చుట్టి, ఒక్కోదానికి క్లాస్ పేరివ్వండి. రంగు మారినప్పుడు వేరియబుల్ విలువ మారిస్తే చాలు, పేజీ మళ్లీ గీయాల్సిన పనిలేదు.

నమూనా కోడ్ అందంగా ఉండాల్సిన అవసరం లేదు, అన్ని సందర్భాలూ ఉంటే చాలు. కామెంట్, లోపల ఎస్కేప్ గుర్తున్న స్ట్రింగ్, నంబర్, ఫంక్షన్‌ని రాసిన చోటు, పిలిచిన చోటు, క్లాస్, కింద ఎర్ర అల ఉన్న పదం తప్పనిసరి. వీటితో పాటు సెలెక్ట్ చేసిన రెండు లైన్లు, గిట్‌లో (కోడ్ మార్పుల్ని గుర్తుపెట్టుకునే టూల్‌లో) చేర్చిన లైన్, తీసేసిన లైన్, సూచనల డబ్బా, అందులో ఎంచుకున్న ఒక వరస, కింద చిన్న టెర్మినల్ ముక్క కూడా పెట్టండి. సెలెక్ట్ చేసిన లైన్లలో కామెంట్ ఒకటి కచ్చితంగా ఉండేలా చూసుకోండి. ఎందుకో అంచె 5లో తెలుస్తుంది.

మొనాకో అనే ఎడిటర్‌ని పేజీలోనే దించేస్తే పోలేదా అనుకోవచ్చు. వీఎస్ కోడ్ లోపల ఉండే ఎడిటర్ భాగం అదే కాబట్టి ఆలోచన మంచిదే. కాకపోతే కోడ్‌ని ముక్కలు చేసే పద్ధతి అక్కడ వేరు. వీఎస్ కోడ్ టెక్స్ట్‌మేట్ గ్రామర్లు వాడుతుంది, మొనాకో మామూలుగా మోనార్క్ అనే వేరే పద్ధతి వాడుతుంది. పేర్లు కలవవు, అక్కడ సరిపోయింది ఇక్కడ సరిపోదు. మొదటి వెర్షన్‌కి చేత్తో చుట్టిన నమూనాయే మేలు.

అంచె 4: రంగు బటన్లు

బ్రౌజర్‌లో ఉన్న కలర్ ఇన్‌పుట్టే వాడండి. దాని నుంచి రెండు ఈవెంట్లు వస్తాయి. 'ఇన్‌పుట్' ఈవెంట్ మౌస్ జరుపుతున్నంతసేపూ వస్తూనే ఉంటుంది, 'ఛేంజ్' ఎంపిక ముగిశాక వస్తుంది. ప్రివ్యూ మార్పు మొదటిదానికి తగిలించండి. చరిత్రలో చేర్చడం, లోకల్ స్టోరేజ్‌లో దాచడం రెండోదానికి. రెండూ మొదటిదానికే తగిలిస్తే వెనక్కి వెళ్లే బటన్ నొక్కిన ప్రతిసారీ వెంట్రుకవాసి చొప్పున వెనక్కి వెళ్తుంది.

కలర్ ఇన్‌పుట్‌కి విలువ ఇచ్చేటప్పుడు హ్యాష్ గుర్తు, ఆపైన ఆరు అంకెలూ పూర్తిగా ఇవ్వండి. మూడంకెల పొట్టి రూపమో, పారదర్శకత కలిపిన ఎనిమిదంకెల రూపమో ఇస్తే చాలా బ్రౌజర్లలో బటన్ నల్లగా మారి ఊరుకుంటుంది. 'ఫైల్ తెరవగానే అన్ని బటన్లూ నల్లబడ్డాయి' అనే ఫిర్యాదుకి తొంభై పాళ్లు కారణం ఇదే.

అంచె 5: చదవగలమా లేదా తేల్చే పరీక్ష

ఇక్కడ తొందరపడొద్దు. వెబ్‌కి వాడే డబ్ల్యూసీఏజీ ప్రమాణం కాంట్రాస్ట్‌ని 1 నుంచి 21 వరకు కొలుస్తుంది. మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5 ఉండాలి. ఐకాన్లు, అంచుల వంటి వాటికి 3 చాలు. ఇంకా కఠినంగా కావాలంటే అక్షరాలకి 7.

లెక్క ఇలా సాగుతుంది:

1. ఎరుపు, పచ్చ, నీలం విలువల్ని 255తో భాగించండి.
2. వచ్చిన ఒక్కో అంకె 0.03928 లేదా అంతకన్నా తక్కువైతే 12.92తో భాగించండి. ఎక్కువైతే దానికి 0.055 కలిపి, 1.055తో భాగించి, 2.4 ఘాతానికి పెంచండి.
3. ఎరుపుని 0.2126తో, పచ్చని 0.7152తో, నీలాన్ని 0.0722తో గుణించి కూడండి. ఇదే ఆ రంగు వెలుగు.
4. రెండు రంగుల్లో ఎక్కువ వెలుగుకి 0.05, తక్కువ వెలుగుకి 0.05 కలిపి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి.

ఎక్కువమంది మర్చిపోయేది రెండో మెట్టు. అది లేకపోయినా అంకె ఒకటి వస్తుంది, చూడ్డానికి నమ్మేలానే ఉంటుంది కూడా. అందుకే ఫంక్షన్ రాయగానే ఈ నాలుగూ పరీక్షించండి. తెలుపు మీద నలుపు: సరిగ్గా 21. ఏ రంగైనా దాని మీద అదే: 1. తెలుపు మీద #767676: 4.54. తెలుపు మీద #777777: 4.48. చివరి రెండూ గీతకి అటూ ఇటూ నిలబడే రంగులు కాబట్టి లెక్కలో చిన్న తప్పున్నా దొరికిపోతుంది. ఇంకో తప్పు కూడా వీటితోనే బయటపడుతుంది. అంకెని ఒక దశాంశానికి కుదించి చూపిస్తూ, ఆ కుదించిన అంకెతోనే పాస్, ఫెయిల్ తేలిస్తే 4.48 కాస్తా 4.5 అయి పాసైపోతుంది. కుదించడం చూపించడానికి మాత్రమే, తీర్పు అసలు అంకె మీదే చెప్పాలి.

ఇక దేని మీద దేన్ని కొలవాలి? ప్రతి కోడ్ రంగునీ ఎడిటర్ బ్యాక్‌గ్రౌండ్ మీద కొలిచి ఊరుకోవడం మామూలు. అక్కడితో ఆపితే పని సగమే అయినట్టు. ఒక ఉదాహరణ చూద్దాం.

బ్యాక్‌గ్రౌండ్ #202020, కామెంట్ #808080 పెట్టారు. కొలిస్తే 4.13, ఫెయిల్. కామెంట్‌ని #909090కి పెంచారు. 5.10, పాస్. పచ్చ టిక్కు వచ్చింది కదా అని సంతోషపడేలోపు ఆ లైన్‌ని సెలెక్ట్ చేయండి. సెలెక్షన్ రంగు #404040 అనుకుంటే, దాని మీద అదే కామెంట్ 3.25కి పడిపోతుంది. కాపీ చేయడానికి సెలెక్ట్ చేసిన చోటే చదవలేకపోతున్నారన్నమాట. పోనీ సెలెక్షన్‌ని #303030కి తగ్గిద్దామంటే కామెంట్ 4.13కి ఎక్కుతుంది. కానీ బ్యాక్‌గ్రౌండ్‌కీ సెలెక్షన్‌కీ మధ్య తేడా 1.57 నుంచి 1.23కి దిగి, ఏది సెలెక్ట్ అయిందో పోల్చుకోవడం కష్టమవుతుంది. ముందుకెళితే నుయ్యి, వెనక్కెళితే గొయ్యి. దీన్నుంచి బయటపడే మార్గం బూడిద రంగుని వదిలేయడమే. సెలెక్షన్ వెలుగు తక్కువగానే ఉంచి, దానికి నీలమో ఊదానో కలపండి. తేడా వెలుగులో కాకుండా రంగులో కనిపిస్తుంది, పైన అక్షరాలూ బతుకుతాయి.

కాబట్టి ప్రతి కోడ్ రంగునీ ఐదు చోట్ల కొలవండి: బ్యాక్‌గ్రౌండ్, ప్రస్తుత లైన్ పట్టీ, సెలెక్షన్, గిట్ చేర్పు, గిట్ తీసివేత. వీటికి తోడు సైడ్‌బార్ అక్షరాలు, బటన్ మీద అక్షరాలు, సూచనల డబ్బాలో ఎంచుకున్న వరస. అన్నిట్లోకీ తక్కువ అంకె ఏదో దాన్నే ఆ రంగు పక్కన చూపించండి. ఏ చోట తగ్గిందో దాని మీద మౌస్ పెడితే తెలిస్తే చాలు.

ఫెయిలైన రంగుని టూల్ తనంతట తాను మార్చేయకూడదు. మనిషి ఎంచుకున్న రంగు మారిపోతుంటే ఒళ్లు మండుతుంది. పక్కన 'దిద్దు' బటన్ పెట్టండి. అది నొక్కితే రంగూ గాఢతా ముట్టుకోకుండా వెలుగు మాత్రం 0.005 చొప్పున జరుపుతూ, పాసవగానే ఆగాలి. 0 లేదా 1కి చేరినా పాసవకపోతే 'ఈ సెలెక్షన్ మీద ఏ రంగూ కుదరదు, సెలెక్షన్ మార్చండి' అని చెప్పి ఊరుకోవాలి. ఈ ఆగే షరతు రాయకపోతే పేజీ బిగుసుకుపోతుంది.

కామెంట్లు మసగ్గా ఉంటేనే బాగుంటుందనేవాళ్లున్నారు. నా లెక్కలో మామూలు బ్యాక్‌గ్రౌండ్ మీద 4.5 తగ్గకూడదు, సెలెక్షన్ మీద 3 దాకా చూసీచూడనట్టు వదిలేయొచ్చు. అడ్డుకోవడం మాత్రం టూల్ పని కాదు. అంకె చూపిస్తే వాళ్లే తేల్చుకుంటారు.

అంచె 6: పారదర్శక రంగులు

సెలెక్షన్, వెతికిన పదం వెనక రంగు, గిట్ మార్పుల పట్టీలు సాధారణంగా పారదర్శకంగా ఉంటాయి. ఉండాలి కూడా, లేదంటే ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు కిందది మాయమవుతుంది. వీఎస్ కోడ్‌లో హెక్స్ రంగుకి చివర రెండంకెలు చేరిస్తే అది పారదర్శకత. అంకె పెద్దదయ్యేకొద్దీ రంగు చిక్కగా పడుతుంది.

ఆ రెండంకెలూ శాతం కాదు. అవీ హెక్స్ అంకెలే. చివర 80 పెడితే 80 శాతం అనుకుంటారు, నిజానికి సగం. చివర 40 అంటే పావు వంతు. మీ టూల్‌లో శాతం స్లైడర్ పెట్టి మార్పిడి లోపల చేయండి, ఈ గొడవే ఉండదు.

కాంట్రాస్ట్ కొలిచే ముందు పారదర్శక రంగుని కింద ఉన్న రంగుతో కలపాలి. పైరంగు విలువని దాని పారదర్శకత అంకెతో గుణించి, కిందిరంగు విలువని మిగిలిన వంతుతో గుణించి, కూడాలి. #202020 మీద పావు వంతు తెలుపు వేస్తే #585858 వస్తుంది. మీ ఫంక్షన్ ఈ జవాబే ఇస్తోందో లేదో చూసుకోండి. కలపకుండా కొలిస్తే ఆ సెలెక్షన్‌ని పూర్తి తెలుపు అనుకుని, ముదురు థీమ్‌లోని లేత రంగులన్నిటినీ ఫెయిల్ చేసేస్తుంది.

అంచె 7: పాత్రల నుంచి స్కోప్‌లకి

వీఎస్ కోడ్ థీమ్ ఫైల్లో రెండు ముఖ్య భాగాలుంటాయి. 'కలర్స్' అనేది ఎడిటర్ చుట్టూ కనిపించేవాటికి. 'టోకెన్‌కలర్స్' కోడ్ అక్షరాలకి. మొదటిది సూటిగానే ఉంటుంది. రెండో దాంట్లో పాత్రకి ఏ స్కోప్‌లు ఇవ్వాలన్నదే తికమక.

కామెంట్‌కి కామెంట్, స్ట్రింగ్‌కి స్ట్రింగ్, నంబర్‌కి కాన్‌స్టంట్.న్యూమరిక్, ఫంక్షన్‌కి ఎంటిటీ.నేమ్.ఫంక్షన్, సపోర్ట్.ఫంక్షన్, టైప్‌కి ఎంటిటీ.నేమ్.టైప్, సపోర్ట్.టైప్. ఇవి ఇబ్బంది పెట్టవు. ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి:

- జావాస్క్రిప్ట్‌లో కాన్‌స్ట్, ఫంక్షన్ అనే పదాలు, పైథాన్‌లో డెఫ్ అనే పదం కీవర్డ్ స్కోప్‌లో ఉండవు, స్టోరేజ్.టైప్‌లో ఉంటాయి. కీవర్డ్ పాత్రకి స్టోరేజ్ కూడా కలపండి. లేకపోతే సగం కీవర్డ్‌లకే రంగు పడుతుంది.
- కూడిక, సమానం లాంటి గుర్తులు కీవర్డ్.ఆపరేటర్ కిందకి వస్తాయి. కీవర్డ్‌కి రంగేస్తే ఇవీ మెరుస్తాయి. వద్దనుకుంటే వీటికి మామూలు టెక్స్ట్ రంగుతో విడి రూల్ రాయండి.
- పంక్చుయేషన్ అనే స్కోప్‌కి గుండుగుత్తగా రంగు ఇవ్వకండి. స్ట్రింగ్ చుట్టూ ఉన్న కొటేషన్ గుర్తులు, కామెంట్ ముందున్న రెండు గీతలు కూడా దాని కిందే ఉంటాయి. గీతలు ఒక రంగులో, కామెంట్ ఇంకో రంగులో తేలుతుంది.

ఒకే అక్షరానికి రెండు రూల్స్ వర్తిస్తే ఎక్కువ నిర్దిష్టంగా ఉన్న స్కోప్ నెగ్గుతుంది.

ఇవన్నీ సరిగ్గా రాసినా కొన్ని రంగులు మొండికేస్తాయి. కారణం సెమాంటిక్ హైలైటింగ్. భాషని అర్థం చేసుకునే ఎక్స్‌టెన్షన్ 'ఇది పారామీటర్, ఇది క్లాస్' అని చెబితే, ఆ రంగు టోకెన్‌కలర్స్ మీద పడి దాన్ని కప్పేస్తుంది. థీమ్ ఫైల్లో 'సెమాంటిక్‌హైలైటింగ్' కీకి ట్రూ ఇస్తేనే థీమ్ దానికి ఒప్పుకున్నట్టు. మొదట్లో ఫాల్స్ పెట్టి స్కోప్‌లు సరిచూసుకుని, తర్వాత ట్రూ చేయండి.

అంచె 8: ఎగుమతి, ఎడిటర్‌లో సరిచూడటం

ఎగుమతి బటన్ రెండు రకాలుగా పనిచేస్తే మంచిది.

తొందరగా చూడాలంటే: 'వర్క్‌బెంచ్.కలర్‌కస్టమైజేషన్స్', 'ఎడిటర్.టోకెన్‌కలర్‌కస్టమైజేషన్స్' అనే రెండు సెట్టింగ్‌ల రూపంలో టెక్స్ట్ కాపీ అయ్యేలా చేయండి. రెండోదాంట్లో రూల్స్ జాబితా 'టెక్స్ట్‌మేట్‌రూల్స్' అనే కీ కింద ఉండాలి. సెట్టింగ్స్ జేసన్‌లో అతికించి సేవ్ చేస్తే ఎడిటర్ వెంటనే మారుతుంది. థీమ్ పేరుని చదరపు బ్రాకెట్లలో పెట్టి దాని కింద రాస్తే ఆ ఒక్క థీమ్‌కే వర్తిస్తుంది, మిగతావి పాడవవు. పని అయిపోయాక ఆ లైన్లు తీసేయండి. తీయకపోతే రేపు అసలు థీమ్ పెట్టినప్పుడు ఇవి దాని మీద కూర్చుని ఉంటాయి.

పూర్తి థీమ్ కావాలంటే: ఒక ఫోల్డర్, అందులో ప్యాకేజ్ జేసన్, థీమ్స్ ఫోల్డర్‌లో మీ ఫైల్. ప్యాకేజ్‌లో 'కాంట్రిబ్యూట్స్' కింద 'థీమ్స్' జాబితాలో పేరు, ఫైల్ దారి, 'యూఐథీమ్' మూడూ ఇవ్వాలి. యూఐథీమ్‌లో ముదురుదైతే వీఎస్-డార్క్, లేతదైతే వీఎస్. ఇది తారుమారైతే మీరు రంగు ఇవ్వని చోట్లన్నీ ఎదురు రకం డిఫాల్ట్‌తో నిండుతాయి, ముదురు థీమ్ మధ్యలో తెల్లటి డబ్బా ప్రత్యక్షమవుతుంది. ఆ ఫోల్డర్‌ని ఎడిటర్‌లో తెరిచి ఎఫ్5 నొక్కితే పరీక్ష కోసం ఇంకో విండో వస్తుంది. థీమ్‌ని అక్కడ ఎంచుకోండి.

రంగుల విలువలు హెక్స్‌లోనే ఉండాలి. రెడ్, బ్లూ లాంటి పేర్లు, సీఎస్ఎస్‌లో రాసే ఇతర రూపాలు చెల్లవు. ప్రివ్యూలో బాగుండి ఎడిటర్‌లో రంగు పడకపోతే ముందు ఇది చూడండి.

ఆ తర్వాత కమాండ్ పాలెట్‌లో 'ఇన్‌స్పెక్ట్ ఎడిటర్ టోకెన్స్ అండ్ స్కోప్స్' అనే డెవలపర్ కమాండ్ నడిపి, రంగు తప్పిన పదం మీద కర్సర్ పెట్టండి. ఆ పదానికి ఏ స్కోప్‌లున్నాయో, ఏ రూల్ నెగ్గిందో, సెమాంటిక్ రంగు పడిందో లేదో అన్నీ అక్కడే కనిపిస్తాయి. ఊహిస్తూ రూల్స్ మార్చుకుంటూ పోవడం కన్నా ఇది వంద రెట్లు నయం.

టెర్మినల్ రంగులు మాత్రం ఇచ్చినవి ఇచ్చినట్టు రాకపోవచ్చు. అక్కడ కనీస కాంట్రాస్ట్ 4.5 ఉండేలా ఎడిటరే అక్షరం రంగుని సర్దుతుంది. 'టెర్మినల్.ఇంటిగ్రేటెడ్.మినిమమ్‌కాంట్రాస్ట్‌రేషియో' సెట్టింగ్‌కి 1 ఇస్తే సర్దడం ఆపేస్తుంది. పరీక్షించేటప్పుడు 1 పెట్టి చూడండి, తర్వాత మళ్లీ డిఫాల్ట్‌కి తెచ్చేయండి.

అంచె 9: దాచుకోవడం, పంచుకోవడం

పన్నెండు రంగులే కాబట్టి మొత్తం 72 హెక్స్ అంకెలు. వాటిని ఒకే వరసలో పేజీ అడ్రస్ చివర హ్యాష్ తర్వాత పెడితే ఆ లింకే థీమ్. వరస ముందు వెర్షన్ అంకె ఒకటి తప్పకుండా చేర్చండి. రేపు పదమూడో పాత్ర చేరిస్తే పాత లింకులు ఎలా చదవాలో దాన్ని బట్టే తెలుస్తుంది. లింకులో వచ్చినదాన్ని గుడ్డిగా వాడకుండా, అన్నీ హెక్స్ అంకెలేనా, లెక్క సరిపోయిందా అని చూశాకే లోపలికి రానివ్వండి.

వేరేవాళ్ల థీమ్ ఫైల్‌ని దిగుమతి చేసుకునే సౌకర్యం కూడా అడుగుతారు. చేయొచ్చు, కానీ చివర్లో. థీమ్ ఫైళ్లలో కామెంట్లు, జాబితా చివర అదనపు కామాలు ఉంటాయి, మామూలు జేసన్ పార్సర్ అక్కడే చేతులెత్తేస్తుంది. స్కోప్ ఒకచోట జాబితాగా, ఇంకోచోట కామాలతో విడగొట్టిన ఒకే స్ట్రింగ్‌గా ఉంటుంది. కొన్ని ఫైళ్లు 'ఇన్‌క్లూడ్' కీతో మరో ఫైల్‌ని లాక్కొస్తాయి. ఈ మూడూ పట్టించుకోకుండా మొదలుపెడితే ఎక్కువ థీమ్‌లు తెరుచుకోవు.

అంచె 10: రంగులు వేరుగా కనిపించేవాళ్ల కోసం

ఎరుపు, పచ్చ తేడా సరిగ్గా కనిపించనివాళ్లు తక్కువేం కాదు. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో సుమారు 8 శాతం. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో రెండరింగ్ ప్యానెల్ తెరిస్తే ఇలాంటి చూపులని అనుకరించే ఎంపిక ఉంటుంది. మీ పేజీని పచ్చ రంగు పోల్చుకోలేని డ్యూటరనోపియాలో ఒకసారి, అసలు రంగులే లేని అక్రొమటాప్సియాలో ఒకసారి చూడండి. గిట్ చేర్పు, తీసివేత పట్టీలు రెండూ ఒకేలా కనిపిస్తే ఒకదాని వెలుగు పెంచి ఇంకొకదాన్ని తగ్గించండి. ఎర్రర్, వార్నింగ్‌లకీ అదే మందు.

వేరే ఎడిటర్లు వాడేవాళ్లకి

పాత్రల ఆబ్జెక్ట్ విడిగా ఉంది కాబట్టి కొత్తగా రాయాల్సింది ఎగుమతి ఫంక్షన్ ఒక్కటే. విమ్‌లో నార్మల్, కామెంట్, స్ట్రింగ్, ఫంక్షన్, టైప్ అనే హైలైట్ గ్రూపులు దాదాపు మన పాత్రల పేర్లతోనే ఉన్నాయి. ఈమ్యాక్స్‌లో ఫాంట్-లాక్ ఫేస్‌లు, జెట్‌బ్రెయిన్స్ ఎడిటర్లలో ఐసీఎల్ఎస్ ఫైల్, అది ఎక్స్ఎమ్ఎల్. టెర్మినల్‌లో విమ్ వాడుతూ హెక్స్ రంగులు పడట్లేదంటే ఫైల్ తప్పని దిద్దడం మొదలుపెట్టకండి. ముందు 'టెర్మ్‌జీయూఐకలర్స్' ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.